బాల్యం గురించి పిల్లల మాటే ఎక్కడ దొరుకుతుంది?

సోషియాలజీ ఎం.ఏ. ప్రాజెక్టు బాల్యం మీద రాస్తున్నాను. ఒకచోట ఆగిపోయాను, తెలిసినవారు దారి చూపండి.

ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడిక సాధారణంగా 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలంటుంది. మరుసటి ఏడాది ఆఫ్రికా దేశాలు చేసుకున్న ఒప్పందంలోనూ వయసు అదే. కానీ అందులో 31వ అధికరణం పిల్లల బాధ్యతలు కూడా చెబుతుంది: కుటుంబ ఐక్యతకు పాటుపడాలి, పెద్దలను గౌరవించాలి. ఈ తేడా నా మనసులోంచి పోవడం లేదు. తమ్ముణ్ణి చంకనెత్తుకుని తిరిగే ఎనిమిదేళ్ల పిల్లను చూసి ఒక సమాజం అయ్యో అంటుంది, ఇంకొకటి ఎంత బాధ్యత తెలిసిన పిల్లో అని మురిసిపోతుంది. మరి ఆ పిల్ల ఏమనుకుంటుంది?

నా చిక్కంతా ఇక్కడే. మధ్యయుగాల్లో బాల్యమనే భావనే లేదని ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఏరియెస్ 1960లో వాదించాడు. ఆయన ఆధారపడిన చిత్రాలు పెద్దలు గీసినవి. నేను చదువుతున్నవీ పెద్దలు రాసినవే. పిల్లల డైరీలు, ఉత్తరాల మీద మీలో ఎవరైనా పనిచేశారా? చిన్నపిల్లలతో మాట్లాడేటప్పుడు, వాళ్లు మనకు నచ్చే జవాబే చెప్పేయకుండా ప్రశ్న ఎలా వేయాలి? చిన్నప్పుడు ఇంట్లో చేసిన పని మీకు భారమైందో, గర్వంగా అనిపించిందో రాసినా నాకు చాలా ఉపయోగం.