సర్వీసు విభాగానికి కనబడని లోపం ఎక్స్ఛేంజ్ విభాగానికి ఎలా కనబడింది?

ప్రశ్న: నాలుగోగేరు

అందరికీ నమస్కారం. నా కారు కొని నాలుగేళ్లు కావస్తోంది, ఇప్పటికి 46 వేల కిలోమీటర్లు తిరిగింది. పెట్రోలు ఇంజను, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఏడాదిగా ఒకటే బాధ. ట్రాఫిక్‌లో అరగంట సేపు నత్తనడక నడిచిన తరువాత, మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారే క్షణంలో బండి మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. గేరు పక్కన గూట్లో పడేసిన ఇంటి తాళాల గుత్తి గలగలమంటుంది కనుక వెనక సీట్లో కూర్చున్నవారికి కూడా సంగతి తెలిసిపోతుంది. ఖాళీ రోడ్డు ఎక్కి పది నిమిషాలు నడిపితే ఆ వణుకు ఎక్కడికి పోతుందో తెలియదు.

ఈ సమస్య మీద షోరూమ్ సర్వీసు విభాగానికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు, తేడా ఏమీ కనబడలేదు. రెండోసారి ‘క్లచ్ రీలెర్నింగ్’ చేశామన్నారు, మూడు వారాలు బాగానే ఉండి మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారి బండిని ఒక రాత్రి తమ దగ్గరే ఉంచుకుని, జాబ్ కార్డ్ మీద “కస్టమర్ చెప్పిన సమస్య కనబడలేదు, వాహనం పనితీరు సాధారణం” అని రాసి ఇచ్చారు. వారంటీ మరో అయిదు నెలల్లో ముగుస్తుంది.

విసుగు పుట్టి అమ్మేద్దామనుకుని, అదే భవనంలో అద్దాల గోడకు అవతలి వైపున్న ఎక్స్ఛేంజ్ విభాగానికి వెళ్లాను. అక్కడి మూల్యాంకనదారు పది నిమిషాలు నడిపి వచ్చి, తన ఫారం మీద “గేర్‌బాక్స్ రిస్క్” అని రాసుకుని, ఇదే మోడల్, ఇదే వయసు బండ్లకు ఇతరులు అడుగుతున్న ధరకంటే దాదాపు మూడో వంతు తగ్గించి చెప్పాడు. సర్వీసు విభాగం ఇచ్చిన జాబ్ కార్డ్ చూపిస్తే నవ్వుతూ, “అది సర్వీసు వాళ్ల మాటండీ, మా లెక్క వేరు” అన్నాడు. మరమ్మతు చేయమంటే లోపం లేదు, కొనమంటే లోపం ఉంది!

అనుభవజ్ఞులను నేను అడగదలచినవి రెండే. వారంటీ ముగిసేలోగా ఈ లోపాన్ని వారి చేత ఒప్పించడం ఎలా? ఇప్పుడే ఎంతో కొంతకు వదిలించుకోవడం మంచిదా, లేక ఉంచుకోవడం మంచిదా?

సమాధానం: సర్వీసుబల్ల

నేను పదకొండేళ్లు సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేసి ఆ వృత్తి వదిలేశాను. మీరు రాసినదానిలో నాకు ఆశ్చర్యం కలిగించింది ఏదీ లేదండీ, అందుకు కొంత సిగ్గుపడుతూనే ఈ సమాధానం రాస్తున్నాను.

వారంటీ పనికి డీలరుకు డబ్బు చెల్లించేది మీరు కాదు, కారు తయారుచేసిన కంపెనీ. ఫలానా భాగం మార్చడానికి ఇంత సమయం అని కంపెనీ ముందే లెక్క కట్టి, ఆ సమయానికే కూలి ఇస్తుంది. వచ్చీపోయే లోపాన్ని వెతకడానికి మెకానిక్ సగం రోజు ఖర్చుపెడితే ఆ గంటలన్నీ లెక్కలోకి రావడం అరుదు. పైగా మార్చిన పాత భాగాన్ని కంపెనీ వెనక్కి తెప్పించుకుని పరీక్షించవచ్చు. అందులో లోపం తేలకపోతే ఇచ్చిన డబ్బును డీలరు దగ్గరే తిరిగి రాబట్టుకోవచ్చు. అందువల్ల కళ్లతో చూడని లోపానికి సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. మోసం చేసేవారు లేరని కాదు, కానీ నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం మోసంకంటే ఈ లెక్కల భయమే.

మీరు చేసిన పొరపాటు, నన్ను మన్నించండి, బండిని రాత్రంతా అక్కడ వదిలి రావడం. పొద్దున్నే చల్లటి గేర్‌బాక్స్‌తో ఆవరణ చుట్టూ ఒక చుట్టు తిప్పితే ఏ వణుకూ రాదు. ఈసారి సాయంత్రం రద్దీలో అరగంట నడిపి, వేడి వేడిగా తీసుకెళ్లండి. ఇంజను ఆపకండి. మెకానిక్‌ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి మీరు పక్కన కూర్చోండి. ఆ తాళాల గుత్తిని మాత్రం గూట్లోంచి తీయకండి, అంతకు మించిన సాక్షి మీకు దొరకదు.

ఇక జాబ్ కార్డ్ సంగతి. అడ్వైజర్ తొందరలో “గేర్ చెక్” అని రెండు ముక్కలు రాసేస్తాడు, నేనూ అలాగే రాసేవాణ్ని. ఆ రెండు ముక్కలకు “చెక్ చేశాం, బాగుంది” అన్నదే జవాబు. అలా కాకుండా, “అరగంట ట్రాఫిక్ తరువాత, ఇంజను వేడిగా ఉండగా, గంటకు 10 నుంచి 20 కిలోమీటర్ల వేగంలో, 1 నుంచి 2కు మారేటప్పుడు బండి వణుకుతోంది” అని మీ మాటల్లోనే రాయించండి. వెళ్లిన ప్రతిసారీ ఇవే మాటలు, ఆనాటి కిలోమీటర్లు, తేదీ ఉండాలి. నాలుగుసార్లు నాలుగు రకాలుగా రాస్తే అవి నాలుగు వేర్వేరు ఫిర్యాదులుగా లెక్కకొస్తాయి. ప్రతి నకలూ మీ దగ్గర ఉంచుకోండి.

మరొక మాట అడగండి: “ఈ గేర్‌బాక్స్ మీద కంపెనీ నుంచి టెక్నికల్ సర్వీస్ బులెటిన్ ఏదైనా వచ్చిందా?” రీకాల్ వేరు, బులెటిన్ వేరు. రీకాల్ అంటే బండ్లను వెనక్కి పిలిచి సరిచేయడం, సాధారణంగా భద్రతకు సంబంధించినది, దాన్ని కంపెనీయే యజమానులకు తెలియజేస్తుంది. బులెటిన్ మాత్రం వర్క్‌షాపులకు వచ్చే సూచన, తెలిసిన ఫిర్యాదుకు ఏ మరమ్మతు చేయాలో అందులో ఉంటుంది. మీరు అడగకపోతే దాని ఊసు ఎవరూ ఎత్తరు. చివరగా, ఈ వివరాలన్నీ వారంటీ ముగియకముందే కంపెనీ కస్టమర్ విభాగానికి రాతపూర్వకంగా పంపండి. లోపం వారంటీ కాలంలోనే మొదలైందనడానికి ఆ తేదీయే ఆధారం.

సమాధానం: పొడిక్లచ్

పైన చెప్పిన ప్రతి మాటా నిజం. గేర్‌బాక్సులు విప్పి బిగించేవాడిగా లోపలి సంగతి కొంత చెబుతాను.

ఈ గేర్‌బాక్స్‌లో రెండు క్లచ్‌లు ఉంటాయి. 1, 3, 5, 7 గేర్లు ఒక క్లచ్ మీద, 2, 4, 6 రెండో క్లచ్ మీద నడుస్తాయి. చాలావాటిలో రివర్స్ కూడా ఈ రెండో క్లచ్ మీదే ఉంటుంది. గేరు మారడమంటే ఒక చేతిలోని బరువును రెండో చేతికి అందించడమే. ఈ పద్ధతి 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో మామూలు రోడ్డు కార్లలోకి వచ్చినప్పుడు క్లచ్‌లు నూనెలో మునిగి ఉండేవి, వేడిని ఆ నూనె లాగేసుకునేది. 2008లో అదే కంపెనీ చిన్న ఇంజన్ల కోసం పొడి క్లచ్‌ల ఏడు గేర్ల రకాన్ని తెచ్చింది. తరువాత మరికొన్ని కంపెనీలూ పొడి రకాలను తయారుచేశాయి. పొడి క్లచ్ తేలిక, ఇంధనమూ కొంత ఆదా అవుతుంది, కానీ వేడి పోవడానికి గాలి తప్ప వేరే దారి లేదు. నత్తనడక ట్రాఫిక్‌లో క్లచ్ పూర్తిగా పట్టుకోదు, పూర్తిగా వదలదు, రాసుకుంటూనే ఉంటుంది. అలా కాగి కాగి ప్లేటు ముఖం అద్దంలా నునుపెక్కితే పట్టు సమంగా ఉండదు. మీరు చెబుతున్న వణుకు చాలామటుకు అదే.

వణికేది ఏ క్లచ్చో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. బండి బాగా వేడెక్కాక కొద్దిపాటి ఎత్తు మీదకు రివర్స్‌లో మెల్లగా ఎక్కించండి. అప్పుడూ అదే వణుకు వస్తే అనుమానం రెండో క్లచ్ మీదకు బలంగా వెళుతుంది. మెకానిక్‌తో వెళ్లినప్పుడు ఈ పరీక్ష తప్పక చేయించండి, రద్దీ కోసం రోడ్డు మీద తిరగాల్సిన పని కూడా తప్పుతుంది.

రీలెర్నింగ్ తరువాత మూడు వారాలు బాగుందన్నారు చూడండి, నా దృష్టిలో మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే. క్లచ్ ఎక్కడ అంటుకోవడం మొదలుపెడుతుందో కంప్యూటరు కొలిచి గుర్తుపెట్టుకుంటుంది. రీలెర్నింగ్‌తో ఆ కొలతను మళ్లీ రాస్తారు, ప్లేటు ముఖం మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. కొన్నాళ్లు ఉపశమనం కలిగి మళ్లీ తిరగబెట్టిందంటే లోపం సాఫ్ట్‌వేర్‌లో కాక వస్తువులోనే ఉందని ఎక్కువగా అనుమానించవచ్చు. కంప్యూటరు గుర్తుపెట్టుకున్న ఆ కొలతలను, అంటే క్లచ్ అడాప్టేషన్ విలువలను, ప్రింటు తీసి ఇవ్వమని అడగండి.

ఈలోగా బ్రేకు సగం వదిలి అంగుళం అంగుళం పాకించకండి. ముందు బండికీ మీకూ మధ్య రెండు కార్ల జాగా ఏర్పడనిచ్చి, బ్రేకు పూర్తిగా వదిలి కదలండి. ఎత్తు మీద బండిని బ్రేకుతో ఆపండి, యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి.

కాగితం మీదకు రాని ఫిర్యాదు కంపెనీ దృష్టిలో లేనట్టే. చైనాలో ఈ ఏడు గేర్ల రకం మీద ఫిర్యాదులు పెరిగినప్పుడు ఫోక్స్‌వ్యాగన్ 2012లో దాని వారంటీని 10 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు పెంచింది, 2013లో 3,84,181 కార్లను వెనక్కి పిలిచింది. కనుక మీ కంపెనీ కూడా మీ గేర్‌బాక్స్‌కు ప్రత్యేకంగా వారంటీ పొడిగించిందేమో కనుక్కోండి.

కొత్తగా కొనేవారికి కూడా ఒక మాట. “ఫలానా కంపెనీ కారు నమ్మకమైనది” అన్న మాటకు పెద్ద అర్థం లేదు. ఒకే మోడల్‌లో ఒక ఇంజను, ఒక గేర్‌బాక్స్ జోడీ పదిహేనేళ్లు నిక్షేపంగా నడుస్తుంది, పక్కనున్న జోడీ నాలుగేళ్లకే మూలుగుతుంది. కారు యజమానులను అడిగి నాణ్యతను అంచనా వేసే జె.డి. పవర్ వంటి సంస్థల సర్వేలు నూరు కార్లకు ఇన్ని సమస్యలని లెక్కిస్తాయి. ఆ లెక్కలో ఫోను బ్లూటూత్‌కు కలవకపోవడమూ ఒక సమస్యే, గేర్‌బాక్స్ నిలిచిపోవడమూ ఒక సమస్యే. అంకె ఒక్కటే చూసి మోసపోకండి.

సమాధానం: పాతచక్రం

మీ రెండో ప్రశ్నకు నా జవాబు: మరమ్మతు ముందు, అమ్మకం తరువాత.

ఎక్స్ఛేంజ్‌లో చెప్పే ధర మీ బండి విలువ కాదు. దాన్ని శుభ్రం చేయించి, కొన్ని నెలలు నిలబెట్టి, తరువాతి యజమానికి ఏదో ఒక హామీ ఇచ్చి, తమ లాభం మిగుల్చుకుని అమ్మాలి కనుక, అవన్నీ పోగా మిగిలేదే మీకు చెబుతారు. మీ విషయంలో గేర్‌బాక్స్ మొత్తం మార్చవలసి వస్తుందేమోనన్న భయాన్ని కూడా అందులోంచే తీసేశారు. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని వివరించినది సరిగ్గా ఇదే. బండి లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందువల్ల కొనేవాడు ప్రతి బండినీ సగం చెడ్డదిగానే ఊహించి ధర చెబుతాడు, మంచి బండి ఉన్నవాడు ఆ ధరకు అమ్మలేక సంతకే రాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది, మనకు మాత్రం ఎక్స్ఛేంజ్ బల్ల దగ్గర తక్కువ ధర లభిస్తోంది.

ఈ అనుమానానికి విరుగుడు కాగితమే. వారంటీలో కొత్త క్లచ్ వేయించుకుని ఆ బిల్లు చేతిలో పెట్టుకుంటే, నేడు ధర తగ్గిస్తున్న అదే గేర్‌బాక్స్ రేపు ధర నిలబెడుతుంది. అయితే జరిగినదాన్ని దాచకండి. కొనేవారు ఇప్పుడు రంగు మందం కొలిచే మీటరుతో వస్తున్నారు. కంపెనీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, ఒక్క తలుపు మీద 300 కనబడిందంటే మీరు చెప్పే మిగతా మాటలేవీ వారి చెవికెక్కవు. గీత పడి రంగు వేయించిన సంగతి మీరే ముందు చెబితే అది చిన్న విషయంగానే మిగులుతుంది.

ఎప్పుడైనా ఎక్స్ఛేంజ్‌కే వెళ్లదలిస్తే, పాత బండి ఉన్నదని చెప్పకుండా కొత్త కారు చివరి ధరను ముందు రాయించుకోండి. తరువాత పాత బండి ధర విడిగా అడగండి. రెండూ కలిపి మాట్లాడితే ‘ఎక్స్ఛేంజ్ బోనస్’ పేరిట ఒక జేబులో పెట్టింది ఇంకో జేబులోంచి తీసుకుంటారు.

సమాధానం: రెండుబళ్లు

పాతచక్రం గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. క్లచ్ మార్చినా ట్రాఫిక్ అదే, వేడి అదే. మూడేళ్లకు మళ్లీ ఇదే వణుకు వస్తే అప్పుడు వారంటీ ఉండదు. నేను వారంటీలో క్లచ్ మార్పించుకుని, ఆరు నెలలు తిరగకముందే, విషయమంతా చెప్పి ఒక తెలిసినవారికి అమ్మేశాను. రోజూ రద్దీలో రెండు గంటలు గడిపేవారికి ఈ రకం గేర్‌బాక్స్ సరిపడదని నా అభిప్రాయం. వారాంతాల్లో దూర ప్రయాణాలు చేసేవారి చేతిలో అది హాయిగా ఉంటుంది. వారంటీ పొడిగింపు కొనే అవకాశం ఇంకా ఉంటే మాత్రం, అందులో క్లచ్ ప్లేట్లను ‘అరిగిపోయే భాగాలు’ అని మినహాయించారేమో చదివి చూడండి. నా దానిలో మినహాయించారు.

ప్రశ్న అడిగినవారి జవాబు: నాలుగోగేరు

అందరికీ కృతజ్ఞతలు. ఇరవై రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే చెప్పడానికి ఏదైనా జరిగాకే రావాలనుకున్నాను.

సాయంత్రం రద్దీలో నలభై నిమిషాలు తిరిగి నేరుగా వర్క్‌షాపుకు వెళ్లాను. “రేపు పొద్దున్న వదిలి వెళ్లండి” అని అడ్వైజర్ అన్నప్పటికీ, ఇంజను ఆపకుండా అక్కడే నిలబడ్డాను. చివరకు ఒక పెద్ద వయసు మెకానిక్ వచ్చి కూర్చున్నాడు. వాషింగ్ ర్యాంపు వాలు మీదకు రివర్స్‌లో మెల్లగా ఎక్కించగానే తాళాలు గలగలమన్నాయి. ఆయన ఏసీ ఆపేసి, అద్దం దించి, మరో రెండుసార్లు ఎక్కించి దించాడు. నాతో ఏమీ అనలేదు. దిగి వెళ్లి జాబ్ కార్డ్ మీద “వేడిలో రివర్స్, 2వ గేరులో వణుకు నిర్ధారణ” అని తన చేత్తోనే రాశాడు. బులెటిన్ సంగతి అడిగితే అడ్వైజర్ కంప్యూటరులో వెతికి, ఉందని ఒప్పుకున్నాడు. క్లచ్ సెట్టు వారంటీలో మంజూరైంది, భాగం రావడానికి మరో రెండు వారాలు పడుతుందట.

అమ్మాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు, రెండుబళ్లు గారి మాట మనసులో మెదులుతూనే ఉంది. ఎక్స్ఛేంజ్ విభాగం నుంచి నిన్న ఫోను వచ్చింది, నిర్ణయం తీసుకున్నారా అని. కొత్త క్లచ్ వేయించాక వస్తానని చెప్పాను. అవతల కొద్దిసేపు మౌనం. ఆ తరువాత, “అయితే ఆ జాబ్ కార్డ్ ఒకసారి వాట్సాప్ చేయండి, ధర మళ్లీ చూస్తాను” అన్నాడు.