అప్‌డేట్: పచ్చి కర్ర గిన్నెల పగుళ్లు, భరిణె మూతల బిగింపు

లేత్‌పై (కర్రను తిప్పుతూ తరిగే యంత్రంపై) పచ్చి కర్రతో చేసిన గిన్నెలు ఆరేటప్పుడు పగలకుండా, భరిణె మూతలు వదులు కాకుండా ఏం చేయాలని నేను అడిగిన ప్రశ్నకు సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మీరు సూచించినట్లే గిన్నె గోడను వ్యాసంలో పదో వంతు మందంతో, అంటే 250 మి.మీ. గిన్నెకు 25 మి.మీ. ఉండేలా ముతకగా తరిగి, పోగులు అడ్డంగా తెగిన చోట్ల మైనం పూసి, బరువు తగ్గడం ఆగేదాకా నీడలో ఉంచాను. పగుళ్లు రాలేదు. గిన్నె మాత్రం కోలగా మారింది. చెట్టులో ఏటా ఏర్పడే వలయాల వెంబడి కర్ర కుంచించుకునేది, మధ్య నుంచి బెరడు వైపు కుంచించుకునేదానికి సుమారు రెట్టింపు, పొడవునా అయితే దాదాపు ఏమీ ఉండదు కనుక ఆ వంపు తప్పదు, అదనపు మందం మిగిల్చేదీ అందుకే. చక్ (లేత్‌కు కర్రను బిగించే పట్టు) పట్టుకునే అడుగు భాగం కూడా కోలగా మారుతుంది కాబట్టి, తుది తరుగుడుకు ముందు దాన్ని గుండ్రంగా సరిచేయాలి (ఇది ఎవరూ చెప్పలేదు సుమా!).

భరిణె సంగతి ఇంకా సులువు. ఆరిన కర్ర కూడా లోపల తొలిచాక కొంత కదులుతుంది గనుక, తొలిచి కొన్నాళ్లు పక్కన పెట్టాకే మూత అంచును తుది కొలతకు తెచ్చాను. బిగింపు ఇప్పటికీ సడలలేదు.