తుంగభద్ర ఒడ్డున ఇళ్ల పక్కనే పెద్ద మొసలి: పట్టుకుపోవాలా, ఉండనివ్వాలా?

ఏటిగడ్డ వాసి:
మాది సుంకేసుల దిగువన తుంగభద్ర ఒడ్డున ఊరు. రేవు నుంచి మా ఇళ్లు 200 అడుగులు కూడా ఉండవు. నెల రోజులుగా మొసలి అక్కడే మకాం. ఎండెక్కగానే ఇసుక దిబ్బ మీదికొచ్చి నోరు తెరుచుకుని పడుకుంటుంది. నిన్న అది నీళ్లలోకి దిగాక దూరం నుంచే చూసి, ఆగి, మళ్లీ చూసి వెళ్లాం. బురదలో అటూ ఇటూ కాళ్ల గుర్తులు, నడుమ తోక ఈడ్చుకుపోయిన గాడి. పడుకున్న జాడను తాడుతో కొలిస్తే 12 అడుగులు దాటింది. మా అమ్మ గుడ్డలుతికే బండ అక్కడికి పది అడుగులే. దీన్ని పట్టి శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో వదలమని అర్జీ రాస్తున్నాం. ఊళ్లో కొందరు వద్దంటున్నారు. ఎందుకో చెప్పండి.

మోటారు రైతు:
తమ్ముడూ, రాత్రిపూట మోటారు వేయడానికి నేనూ ఆ గట్టు మీదే పోతాను, భయం నాకూ ఉంది. అయినా వద్దనేవాళ్లలో నేనొకణ్ణి. ఆస్ట్రేలియాలో ఉప్పునీటి మొసళ్లను హెలికాప్టర్‌లో తీసుకెళ్లి దూరంగా వదిలారు. ఒకటి 400 కిలోమీటర్లకు పైగా ఈదుకుంటూ పాత చోటికే వచ్చేసింది. మన మొసలి జాతి వేరే, కానీ ఇదీ అలాగే తిరిగి రావచ్చు. పైగా బ్యాక్‌వాటర్‌లో చేపలు పట్టుకుని బతికే కుటుంబాలున్నాయి. మన ముప్పు వాళ్ల గడపలో దించి రావడం న్యాయమా?

టాంపా కర్నూలోడు:
ఇక్కడ ఫ్లోరిడాలో 4 అడుగులు దాటిన ఎలిగేటర్ (ఇక్కడి మొసలి లాంటి జీవి) ఇళ్ల దగ్గర బెదిరిస్తే ఒక్క ఫోన్ చాలు, వచ్చి పట్టుకుపోతారు. అక్కడ ఎందుకు కాదు?

మోటారు రైతు:
అన్నా, మీ దగ్గర అవి పది లక్షలకు పైగా ఉన్నాయి. పట్టినవాటిని చాలావరకు చంపేస్తారు. మనది మగ్గర్, మన నదుల్లో ఉండే మంచినీటి మొసలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి, పులికున్నంత రక్షణ ఉంది.

రేవు ఆడబిడ్డ:
అన్నలిద్దరూ చట్టం, దూరం లెక్కలు మాట్లాడుతున్నారు. రేవుకి రోజూ పోయేది ఎవరు? మేం. ఉండనివ్వాలంటే ముందు మా ఇళ్లకు కొళాయి నీళ్లు రావాలి. అవి వచ్చేదాకా రేవు దగ్గర నీళ్లలోకి గట్టి కంచె కట్టాలి. శ్రీలంకలో నిల్వలా నది స్నానాల రేవుల్లో ఇలాంటివే ఉన్నాయి. తుప్పు పట్టిన కంచె మాత్రం అసలు లేనిదానికంటే ప్రమాదం, ఉందనే ధైర్యంతో దిగేస్తాం. ఇంకో మాట. చీకటి పడ్డాక కోడి వ్యర్థాలు సంచుల కొద్దీ తెచ్చి ఆ ఒడ్డునే పారేస్తున్నారు. నెల నుంచి అది అక్కడే ఎందుకుందో నాకైతే తెలుసు.

ఏటిగడ్డ వాసి:
అక్కా, ఆ సంచులు నేనూ చూశాను, కలిపి ఆలోచించలేదు. అర్జీ మార్చి రాస్తున్నాం: వ్యర్థాలు ఆపాలి, కంచె కట్టాలి, కొళాయిలు వేయాలి. పట్టుకుపొమ్మన్న మాట మాత్రం తీసేయను. మనుషులున్న గట్టు మీదికి అది ఒక్కసారి వచ్చినా పట్టాల్సిందే, ఇందులో రాజీ లేదు. అమ్మ ఇవాళ బోరు దగ్గరే ఉతికింది. నీళ్లు చాలక దుప్పట్లు అలాగే మిగిలిపోయాయి.