పసిరిక పాము పేరులో కన్ను లేదు, మరి ఆ భయం ఎక్కడిది?

నిన్న పసిరిక పాము (పొదల్లో ఉండే సన్నటి ఆకుపచ్చ పాము) ఫొటో కింద "ఇది సూటిగా కళ్లే పొడుస్తుంది" అని ఎవరో రాశారు. మా అమ్మమ్మదీ అదే మాట. చిక్కుడు పాదు దగ్గరికి వెళ్తే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోమనేది.

కానీ మన తెలుగు పేరులో కన్నే లేదు. పసరు, పసిరిక రెండూ ఆకుపచ్చదనం చెప్పే మాటలే. పచ్చికను కూడా పసరిక అంటారు. కన్ను ఉన్నది సింహళంలో. అక్కడ దీని పేరు అహేటుల్లా, అంటే కళ్లు పొడిచేది. తమిళంలో కణ్‌కొత్తి పాంబు. రెప్ప వాల్చకుండా కనిపెట్టుకుని ఉండేవాణ్ణి తమిళులు ఆ పాముతోనే పోలుస్తారు.

ఆ భయానికి కారణం దాని మొహంలోనే ఉందని నా అనుమానం. కంటిపాప గుండ్రంగా ఉండదు, తాళం కప్ప రంధ్రంలా అడ్డంగా సాగి ఉంటుంది. సన్నటి మూతికి రెండు పక్కలా గాడి ఉండటంతో రెండు కళ్లూ ఒకేసారి ముందుకు చూడగలవు. కొమ్మ మీద కదలకుండా అలా చూస్తుంటే మన కళ్లకే గురిపెట్టినట్టుంటుంది మరి!

సింహళ మాట చేసిన ప్రయాణం ఇంకా తమాషా. 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ దాన్ని ఒక పాముకు శాస్త్రీయ నామంగా పెట్టాడు. చివరికి ఆ పేరు అమెరికా ఖండపు చిలకపచ్చ పాముకు అతుక్కుపోయింది: లెప్టోఫిస్ అహేటుల్లా. ఆ పాముకు సింహళంతో చుట్టరికమే లేదు. అసలు పసిరిక పాముల జాతికీ (జీనస్) అహేటుల్లా అనే పేరే ఉంది. అందులో నసూటా అనే రకం (ముక్కుది అని అర్థం) శ్రీలంకకే పరిమితమని 2020లో తేల్చారు. మన పొదల్లో తిరిగేది దాని దాయాది, ఆక్సిరింకా.

మన మాట కూడా అలా ఒకటి వెళ్లింది లెండి. మన పాముల మీద పుస్తకం రాసిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో అందులో రాసుకున్న "బంగారం పాము" నుంచే బంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. పాపం, అది కట్లపాముల జాతి!

విషం సంగతి అడిగిన తమ్ముడికి: పసిరికకు వెనక కోరల్లో కొద్దిగా ఉంటుంది, బల్లులకూ కప్పలకూ సరిపోయేంత. మనిషి ప్రాణానికి ముప్పు లేదు. అలాగని పట్టుకోకు.

చిత్తూరు, సూళ్లూరుపేట వైపు వాళ్లు ఒక మాట చెప్పండి. తమిళ సరిహద్దు కదా, మీ ఊళ్లలో దీనికి కన్ను కలిసిన తెలుగు పేరేమైనా ఉందా?