భారీ గుమ్మడి పిందెలు నిలవడం లేదు, సలహా కావాలి

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని మా పెరట్లో, సెంటున్నర స్థలంలో, కనుమ మర్నాడు ‘అట్లాంటిక్ జెయింట్’ గుమ్మడి విత్తనం నాటాను. 2023లో అమెరికాలో 1,247 కిలోలు తూగిన కాయ ఈ రకానిదే. నాకు యాభై కిలోలు తూగినా పండుగే. తీగ ఇరవై అడుగులు పాకింది కానీ, తెల్లవారుజామున మగ పువ్వు రేకలు ఒలిచి ఆడ పువ్వుకు స్వయంగా పుప్పొడి అద్దుతున్నప్పటికీ, పిందెలు నిమ్మకాయంత కాగానే పసుపుబారి రాలిపోతున్నాయి. రాలిన పిందెను కోసి చూస్తే లోపల పురుగు లేదు, కనుక ఇది పండు ఈగ పని అనుకోను. ఆకుల మీద బూడిద తెగులు మచ్చలు మాత్రం మొదలయ్యాయి. లోపం పరాగ సంపర్కంలో ఉందా, రాత్రి ఉక్కలో ఉందా, లేక నేను వేసిన పశువుల ఎరువు ఎక్కువై బలమంతా తీగకే పోతోందా? సముద్రతీరపు ఇసుక నేలలో ఈ రకాన్ని పెంచినవారు, తీగకు ఒక్క కాయనే ఉంచి తక్కినవాటిని ఎప్పుడు తుంచాలో కూడా దయచేసి తెలియజేయగలరు.