నిద్రాయత్తం అంటే నిద్రకి రెడీ అవడమా?

ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది, ఆందోళన, డిప్రెషన్, నిద్రలేమి మూడిటికీ ఆయుర్వేదం అని. పైన చరకసంహిత శ్లోకం ఒక లైను "నిద్రాయత్తం సుఖం దుఃఖం పుష్టిః కార్శ్యం బలాబలమ్", కింద అర్థం "నిద్రకు ఆయత్తమైతే సుఖం, దుఃఖం పోతుంది" అని రాశారు. పోతుంది అనే మాట అందులో ఎక్కడుందో నాకైతే కనపడలేదు, పైగా కార్శ్యం అంటే చిక్కిపోవడం కదా, నిద్రకి రెడీ అయితే చిక్కిపోతామా ఏంటి? సంస్కృతం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

— తెలుగు ఆయత్తం తెచ్చిన తిప్పలండీ ఇవి. మనకి ఆయత్తం అంటే సిద్ధం, "యుద్ధానికి ఆయత్తమయ్యారు" అంటాం. సంస్కృతంలో ఆయత్తం అంటే ఒకరి చేతిలో ఉన్నది, ఒకదాని మీద ఆధారపడ్డది. స్వాయత్తం, దైవాయత్తం అన్నప్పుడు మనమూ ఆ అర్థంలోనే వాడతాం, విడిగా వాడేటప్పుడే మారిపోయింది. నిద్రా + ఆయత్తం, సవర్ణదీర్ఘం. సుఖమైనా దుఃఖమైనా, ఒళ్లు చేసినా చిక్కిపోయినా, బలమున్నా లేకపోయినా అన్నీ నిద్ర చేతిలోనే ఉన్నాయి అంటున్నాడు చరకుడు, రెండో లైను చివర "జీవితం న చ", బతకడం బతక్కపోవడం కూడా. సూత్రస్థానం, అంటే ఆ గ్రంథం మొదటి భాగం, 21వ అధ్యాయంలో 36వ శ్లోకం. ఆ వెంటనే 37లో అకాలంలో పడుకున్నా, అతిగా పడుకున్నా, అసలు పడుకోకపోయినా ఆ నిద్రే ఇంకో కాళరాత్రిలా సుఖాన్నీ ఆయుష్షునీ పోగొడుతుందని ఉంది. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

— బావుంది మాస్టారూ. నాకు ఇంకోటి తట్టింది, తెలుగులో మనం "నేను నిద్రపట్టాను" అనం కదా, "నాకు నిద్ర పట్టింది" అంటాం, పట్టేది నిద్ర, పట్టుబడేది మనం. బెంగ పట్టుకుంది, దిగులు పట్టుకుంది కూడా అంతే. చరకుడు ఆయత్తం అన్నదీ మనం పట్టడం అన్నదీ ఒకటే అనిపిస్తోంది, రాత్రి రెండింటికి ఫ్యాన్ చూస్తూ పడుకునేవాళ్లకి వ్యాఖ్యానం అక్కర్లేదు, ఎంత బలవంతం చేస్తే అంత దూరం పోతుంది అది.

— సంధులు సరే గానీ ఫార్వర్డులో పాలల్లో అశ్వగంధ అని కూడా ఉంది, అది శ్లోకంలో ఉందా?

— అదే అధ్యాయంలో నిద్ర రానివాళ్లకి ఏం చెయ్యాలో ఒక పట్టీ ఉంది, అందులో అశ్వగంధ లేదు. ఒంటికి నూనె పట్టించడం, నలుగు, స్నానం, వరి అన్నం, పెరుగు, పాలు, నెయ్యి నూనెలు, ఒళ్లు పట్టడం, మనసుకి నచ్చే వాసనలు శబ్దాలు, మెత్తటి పక్క, తగిన వేళ... ఇలా పోతుంది. మాంసరసాలూ మద్యమూ ఉన్నాయి మధ్యలో, ఆ రెండూ ఫార్వర్డుల్లో ఎందుకో రాలిపోతాయి :) మద్యం మాత్రం ముందు మత్తిచ్చినా తర్వాత నిద్రని ముక్కలు చేస్తుందని ఇప్పుడు తెలుసు కాబట్టి దాన్ని అలాగే వదిలెయ్యండి. అశ్వగంధ, అదే మన పెన్నేరు గడ్డ, దాని లాటిన్ పేరులో సోమ్నిఫెరా అంటేనే నిద్ర తెచ్చేది. అలాగని ఎవరు పడితే వాళ్లు వేసుకునేది కాదు, గర్భిణులు వాడకూడదు, థైరాయిడ్, లివర్ సమస్యలున్నవాళ్లూ నిద్రమాత్రలు వాడేవాళ్లూ డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు, డిప్రెషన్ మందులు మానేసి దీనికి మారడం అసలే వద్దు.

— డిప్రెషన్‌కి ఆ గ్రంథంలో మాటేంటి మరి? విషాదమేనా?

— సరిగ్గా సరిపోయే మాట లేదమ్మా. సూత్రస్థానం 20లో 80 వాతవికారాల లిస్టులో విషాదం, అస్వప్నం, అనవస్థితచిత్తత్వం మూడూ ఉన్నాయి. మూడోది మనసు ఒకచోట నిలవకపోవడం, ఆందోళనకి దగ్గర. 25లో అయితే రోగాన్ని పెంచేవాటిల్లో విషాదమే ముందు అన్నాడు. కానీ విషాదం అంటే కుంగిపోవడం, డాక్టర్లు డిప్రెషన్ అని పేరు పెట్టేదంతా అందులో పట్టదు. ఇంకో సంగతి, అస్వప్నం అంటే కలలు రాకపోవడం అనుకునేరు, సంస్కృతంలో స్వప్నం అంటే నిద్ర కూడా, ఇక్కడ నిద్ర లేకపోవడమే.

— థాంక్సండీ అందరికీ. ఇదంతా కాపీ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా, ఆయత్తం గురించి ఒక్కరూ మాట్లాడలేదు గానీ మా బాబాయి మాత్రం మద్యం ఉన్న శ్లోకం నంబరెంతని అడుగుతున్నాడు.