చెదురు వేరు, చిక్కు వేరు: కోరిలేటెడ్ డిజార్డర్‌కి తెలుగు మాట కావాలి

బరంపురం నుంచి:
అందరికీ నమస్కారం. మా అన్నయ్య కూతురు ఇక్కడే ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేస్తోంది, చదువంతా ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ అయింది, ఇంట్లో మాత్రం తెలుగే. మొన్న వచ్చి "బాబాయ్, కోరిలేటెడ్ డిజార్డర్‌ని మనం ఏమంటాం, నానమ్మకి నా చదువేంటో చెప్పాలి" అంది. నేను "సహసంబంధిత క్రమరాహిత్యం" అన్నాను, మా అమ్మకి అది రోగం పేరులా వినబడింది. ఒడియాలో డిజార్డర్‌ని విశృంఖళా అంటారు. అదే మాట తెలుగులోకొస్తే అదుపు తప్పడం అనే అర్థం వస్తుంది. పైగా శృంఖల అంటే గొలుసు, గొలుసు తెగితే విశృంఖలం. ఈ పిల్ల చెప్పేదాంట్లో అసలు సంగతే గొలుసు తెగకపోవడం! మంచి మాట చెప్పండి.

పర్లాకిమిడి నుంచి:
ముందు సంగతేటో చెప్పండి బాబూ, మాట తర్వాత వెతుకుదాం. గిడుగు వారు మా ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూనే సవరల మాట నేర్చుకుని, వాళ్ళకి వాళ్ళ మాటలోనే పుస్తకాలు రాశారు. వినేవాడి నోట్లో ఉన్న మాట పట్టుకోవాలి కదా.

బరంపురం నుంచి:
నిజమే మాస్టారూ. నాకు అర్థమైనంత చెప్తాను. హీలియం-4 ద్రవాన్ని 2.17 కెల్విన్ కిందకి చల్లబరిస్తే సూపర్‌ఫ్లూయిడ్ అవుతుంది, జిగట అన్నది లేకుండా సన్నటి సందుల్లోంచి కూడా పారిపోతుంది. ఆ మార్పు దగ్గర సూపర్‌ఫ్లూయిడ్ వాటా ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే ఘాతాంకం 0.67. ఇప్పుడు దాన్ని గుల్ల గాజులో పోస్తే? వైకార్ అని ఒక గాజు ఉంది, అందులో మూడో వంతుకి కాస్త తక్కువ ఖాళీ, మిగతాదంతా గాజే. మార్పు ఇంకా చల్లగా అయితే గానీ రాదు, కానీ ఘాతాంకం మళ్ళీ ఆ 0.67 దగ్గరే. అదే ఏరోజెల్‌లో, అంటే నూటికి తొంభై పాళ్ళకి మించి ఖాళీయే ఉన్న దాంట్లో, 0.81 వచ్చింది, ఇది 1988లో వచ్చిన కొలత. గాజు తక్కువున్న చోటే స్వభావం మారింది, నేను మూడుసార్లు అడిగాను ఇది తప్పు కాదా అని. కాదట.

దీనికి ఎక్కువగా చెప్పే కారణం ఇది. 1974లో హారిస్ అనే ఆయన చూపించింది ఏంటంటే, అడ్డంకులు ఒకదానికొకటి సంబంధం లేకుండా పడి ఉంటే, మార్పు దగ్గరకొచ్చేకొద్దీ ద్రవం ఇంకా ఇంకా పెద్ద మేరని ఒక్కటిగా చూస్తుంది, ఆ మేరలో ఎత్తుపల్లాలు సగటులో సమసిపోతాయి, హీలియం-4 లాంటి వాటికి స్వభావం మారదు. కానీ ఏరోజెల్‌లో కొన్ని నానోమీటర్ల మందం ఉన్న సిలికా పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని చాలా దూరం అల్లుకుంటాయి. ఇక్కడ పోగు ఉందంటే అక్కడా ఉండొచ్చని చెప్పగలం. కోరిలేటెడ్ డిజార్డర్ అంటే ఇదే. అలా దూరందాకా సంబంధం ఉన్నది సగటులో అంత తేలిగ్గా సమసిపోదని 1983లో వైన్రిబ్, హాల్పెరిన్ అనే ఇద్దరు లెక్కగట్టారు.

రాయగడ నుంచి:
గజిబిజి అంటే సరిపోదా అన్నయ్యా? చిందరవందర, అడ్డదిడ్డం కూడా ఉన్నాయి. అసలు ఈ మాటలే చూడండి, గజి తర్వాత బిజి రావాల్సిందే, అడ్డం పక్కన దిడ్డం తప్పదు. అస్తవ్యస్తాన్ని చెప్పే మాటల్లోనే ఒక సగం ఇంకో సగాన్ని పట్టుకుని ఉంది, నాకు ఇది చాలా నచ్చింది.

బరంపురం నుంచి:
చాలా బాగా పట్టుకున్నారు, నాకు తట్టలేదు. కాకపోతే గజిబిజి రెండు రకాలకీ సరిపోతుంది, మనకి రెండూ విడిగా కావాలి. మా అమ్మే చెప్పింది, నేత ఇంట్లో పుట్టిన మనిషి. నేల మీద ఒలికిన గింజలు చెదురు, ముడిపడ్డ నూలు చిక్కు. చెదిరిన గింజల్లో ఒకటి తీస్తే పక్కదానికి ఏమీ కాదు, చిక్కులో ఇక్కడ లాగితే అక్కడ బిగుస్తుంది. ఇంతకంటే ఏం కావాలి! పైగా ఏరోజెల్ నిజంగానే పోగుల చిక్కు.

పర్లాకిమిడి నుంచి:
చిక్కు బాగుంది. కానీ చిక్కు అంటే ఇబ్బంది అనే అర్థం కూడా ఉంది, వాక్యంలో తేడా కొట్టదా?

బరంపురం నుంచి:
అందుకే "పోగుచిక్కు" అందాం అనుకుంటున్నా. ఇంకో ముఖ్యమైన సంగతి, హీలియం-3 అనేది మిల్లీకెల్విన్లలో, అంటే కెల్విన్‌లో వెయ్యో వంతుల్లో గానీ సూపర్‌ఫ్లూయిడ్ కాదు, దాన్ని ఏరోజెల్‌లో 1995లో చూశారు. తర్వాత నాఫెన్ అనే ఇంకో గుల్ల పదార్థంలో పెట్టారు, అందులో పోగులన్నీ దాదాపు ఒకే దిక్కుకి ఉంటాయి, మధ్య దూరాలు మాత్రం ఇష్టమొచ్చినట్టు. అందులో 2015లో మాస్కోలో పోలార్ అనే దశ కనబడింది, శుద్ధమైన హీలియం-3లో అది లేదు. అస్తవ్యస్తం చెరపడం సరే, కొత్తదాన్ని పుట్టించింది కూడా. దీన్ని చిక్కు అంటే అన్యాయం.

రాయగడ నుంచి:
పడుగు అనండి! మగ్గం మీద పేక పడకముందు అలాగే కదా ఉంటుంది.

బరంపురం నుంచి:
అమ్మకి చదివి వినిపించాను, "దూరాలు సరిగ్గా లేని పడుగుని ఎవరు ఒప్పుకుంటారు" అంది, కానీ మాట ఒప్పుకుంది. చెదురు, పోగుచిక్కు, పడుగు, ఈ మూడూ పిల్ల నోట్సులో రాసుకుంది. సిరొంచ వైపు తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే, మీ దగ్గర నూలు ముడిపడితే ఏమంటారో చెప్పండి, అదీ రాసుకుంటాం.